వైశాఖపు గాలివాన: నెల్లూరు తీరమున తుపాను హెచ్చరికల కథ

నెల్లూరు సీమలో తుపాను మాట ఎత్తినంతనే పెద్దలు స్వాతి కార్తెను, విశాఖ కార్తెను తలచుకొందురు. అది సహజమే. ఆ సీమకు వాన ముఖ్యముగా ఈశాన్య ఋతుపవనముతో వచ్చును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు చెరువులు నిండునన్న ఆశ ఎంత ఉండునో, గాలివాన భయమును అంతే ఉండును. 1927 నవంబరులో నెల్లూరును పీడించిన తుపాను, 1984 నవంబరులో శ్రీహరికోట కడ తీరము దాటిన తుపాను, 1989 నవంబరులో కావలి సమీపమున విరుచుకొనిపడిన పెనుతుపాను, ఇవన్నియు ఆ కాలమునకు చెందినవే. అందుచేత ఆ నెలలలో మత్స్యకారుడు తూర్పు దిక్కును ఒక కంట కనిపెట్టియే యుండును. రైతు గాలి పోకడను గమనించుచునే యుండును.

కాని ఈ తీరమునకు రెండవ తుపాను కాలము ఒకటి గలదు. అది వసంత ఋతువు ముదిరిన వేళ, వైశాఖ మాసపు ఎండలలో వచ్చును. ఏప్రిల్ చివర మొదలు మే నెల ముగియువరకు దాని గడువు. ఆకాశము నిర్మలముగా ఉండి, పగలు వడగాలియు, సాయంకాలము చల్లని సముద్రపు గాలియు వీచు ఆ దినములలో, సముద్రము నుండి ఆపద రాగలదని సామాన్యముగా ఎవరును అనుకొనరు. 1979 మే 12వ తేదీ ప్రాంతమున అదియే జరిగినది. నాటి తుపాను నెల్లూరు, ఒంగోలు పట్టణముల నడుమ తీరము దాటినది. సుమారు ఏడు వందల మంది ప్రాణములు కోల్పోయిరి. పశువులు లక్షల సంఖ్యలో నశించినవి. కృత్తిక కార్తె అప్పుడే ప్రవేశించినది. మన కార్తెల లెక్కలో అది ఎండల కాలమే గాని గాలివానల కాలము కాదు.

ఈ వసంతకాలపు తుపానును ముందుగా పసిగట్టుటకు మనుష్యులు ఎట్లు నేర్చుకొనిరి? ఆకాశమును చూచుటయే వేడుకగా గలవారికి అందులో ఎంత పాలు గలదు? ఆ విద్య తీరమునందలి గుడిసె వరకు ఎట్లు చేరినది? ఈ మూడు ప్రశ్నలకు చరిత్ర చెప్పు సమాధానమును తెలిసికొనుట నెల్లూరు తీరవాసులకే గాక ఆంధ్రులందరకును అవసరము.

ముందుగా ఆ తీరము యొక్క స్వరూపమును మనసున నిలుపుకొనవలెను. పులికాటు సరస్సు మొదలు ఉత్తరముగా దుర్గరాజపట్నం, కృష్ణపట్నం, మైపాడు, ఇసుకపల్లి, జువ్వలదిన్నె, రామాయపట్నం వరకు సాగు ఆ నేల మిక్కిలి పల్లము. ఒడ్డున ఇసుక దిబ్బలు, తాటి తోపులు, సరుగుడు తోటలు. వాటి వెనుక తీరమునకు సమాంతరముగా బకింగ్‌హాం కాలువ. నడుమ స్వర్ణముఖి, పెన్న సముద్రమున కలియు ముఖద్వారములు. సముద్రము పొంగినచో ఆ నీటిని ఆపు కొండ గాని గుట్ట గాని లేదు. మే నెలలో ఈ నేలపై ఏమి ఉండును? ఉప్పు మళ్లలో ఏడాది శ్రమ తెల్లని కుప్పలై యుండును. ఎడగారు వరికి నీరు కట్టుచుందురు. రొయ్యల చెరువులు నిండుగా ఉండును. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేటనిషేధ కాలమగుటచే యాంత్రిక పడవలు ఒడ్డుననే ఉండును. పడవ ఒడ్డున ఉన్నదను ధైర్యమే ఒక్కొక్కప్పుడు మనిషిని ఏమరుపాటు పాలు చేయును. సముద్రమునకు పోనివానికి సముద్రముతో పని లేదనుకొనుట ఈ తీరమున చెల్లదు.

పూర్వకాలపు తుపానులను గూర్చిన వ్రాతలు పల్లెలలో అరుదు. అవి ఓడరేవులలోనే దొరకును. నెల్లూరునకు దక్షిణమున చెన్నపట్నము, ఉత్తరమున మచిలీపట్నము, అటుపై గోదావరి ముఖమున కోరంగి. నెల్లూరు తీరము వీనికి నడుమనున్న దారి వంటిది. ఒకే సముద్రమున పుట్టిన తుపాను ఒక ఏట ఒక రేవును, మరొక ఏట మరొక రేవును కొట్టును గాన ఆ రేవుల కథ నెల్లూరు కథయే యగును.

ఆ వ్రాతలను తిరుగవేసినచో వైశాఖపు తుపాను క్రొత్తది కాదని తెలియును. 1787 మే నెలలో కోరంగి ప్రాంతమును ఉప్పెన ముంచినది. 1811 మే 2వ తేదీన చెన్నపట్నపు రేవులో లంగరు దింపియున్న ఇంగ్లీషు రాజనౌక డోవర్ గాలివానకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చి పగిలిపోయినది. సరిగా 61 ఏండ్లకు, 1872 మే 2వ తేదీననే, అదే రేవులో మరల తుపాను వచ్చి అనేక నౌకలను నాశనము చేసినది. 1979 మే తుపానును ఇప్పుడే చెప్పుకొంటిమి. 1990 మే 9వ తేదీన కృష్ణా ముఖద్వారమున అతి బలమైన తుపాను తీరము దాటగా తొమ్మిది వందలకు మించి జనులు మరణించిరి. 2010 మే 20వ తేదీన లైలా తుపాను బాపట్ల వద్ద తీరము దాటినది. ఇట్టివి తఱచుగా రావు. తఱచుగా రాకపోవుటయే వీనిలోని అపాయము. ఒక తరము చూచిన దానిని మరుసటి తరము మరచునంత ఎడముతో ఇవి వచ్చును.

ఈ మరపునకు మందు వ్రాసి ఉంచుట. ఆ పనికి మొదట పూనుకొన్నవారు ఉద్యోగరీత్యా వాతావరణ శాస్త్రజ్ఞులు కారు. ఆ కాలమున అట్టి ఉద్యోగమే లేదు. వృక్షశాస్త్రమున పిమ్మట ప్రఖ్యాతి గాంచిన విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు 1776లో చెన్నపట్నమునకు వచ్చెను. ఆయన సెయింట్ జార్జి కోటలో ఉష్ణమాపకమును, వాయుభారమాపకమును చూచి, గాలి దిక్కును, వానను దినచర్యగా వ్రాసి పెట్టెను. ఆ దినచర్యలు 1778, 1780 సంవత్సరములలో లండను రాయల్ సొసైటీ పత్రికలో అచ్చుపడినవి. తరువాత ఆయన సామర్లకోటలో నివసించినప్పుడును ఆ అలవాటును విడువలేదు. ఇట్లు వ్రాయుమని ఆయనను ఆజ్ఞాపించినవారు లేరు. ఆకాశమును గూర్చిన కుతూహలమే ఆయనచే ఆ పని చేయించినది.

ఒక్కని దినచర్య ఒక్క ఊరి ఆకాశమును మాత్రమే చెప్పును. తుపాను వందల మైళ్ల వెడల్పు గలది. దాని ఆకారము తెలియవలెనన్నచో అనేకుల వ్రాతలను ఒకచోట చేర్చవలెను. ఈ సూక్ష్మమును మన సముద్రమున ఆచరణలో పెట్టినవాడు కలకత్తాలోని హెన్రీ పిడింగ్టన్. ఆయన పూర్వము వర్తక నౌకలకు నాయకుడు. 1839 మొదలు ఆయన బంగాళాఖాతమున తుపానులకు చిక్కి బయటపడిన నౌకల దినచర్యలను సేకరించి, ఏ గంటకు ఏ నౌక ఎక్కడ నున్నది, గాలి ఏ దిక్కునుండి వీచినది, వాయుభారము ఎంత పడినది అని పటముపై గుర్తించుచు వచ్చెను. గుర్తులన్నియు కలిపి చూడగా గాలి తిన్నగా వీచుట లేదనియు, ఒక కేంద్రము చుట్టు సుళ్లు తిరుగుచున్నదనియు స్పష్టపడినది. 1848లో ప్రకటించిన నావికుల గ్రంథమున ఆయన దీనికి ‘సైక్లోన్’ అను పేరు పెట్టెను. పాము చుట్టను సూచించు గ్రీకు మాట దానికి మూలము. నేడు లోకమంతయు వాడు ఆ మాట మన బంగాళాఖాతపు తుపానుల పరిశీలనలో పుట్టినది.

పిడింగ్టన్ ఆ గ్రంథముతోపాటు కొమ్ముతో చేసిన పలుచని పారదర్శక ఫలకములను ఇచ్చెను. వానిపై గాలి సుడి గీయబడి యుండును. నౌకానాయకుడు దానిని తన పటముపై ఉంచి, తన యొద్ద వీచు గాలిని బట్టి తుపాను నడిబొడ్డు ఎటున్నదో తెలిసికొనవచ్చును. ఆ ఫలకము లేకున్నను దాని సారమును నెల్లూరు తీరవాసి నేటికిని వాడుకొనవచ్చును. మన అర్ధగోళమున గాలికి వీపు చూపి నిలిచినచో వాయుభారము తక్కువగా నున్న కేంద్రము సుమారుగా ఎడమచేతి వైపున ఉండును. ఉత్తరపు గాలి బలపడుచున్నచో కేంద్రము తూర్పున, అనగా సముద్రమున, ఉన్నదని అర్థము. తుపాను పడమరగా వచ్చుచుండగా గాలి ఉత్తరము నుండి వాయువ్యమునకును, పడమరకును తిరిగినచో కేంద్రము మనకు ఉత్తరముగా దాటుచున్నది. అట్లుగాక ఈశాన్యమునకును, తూర్పునకును తిరిగినచో కేంద్రము మనకు దక్షిణముగా దాటుచున్నది. ఈ రెండవదియే ఎక్కువ భయంకరము. అప్పుడు గాలి సముద్రమును నేలపైకి నెట్టును. ఉప్పెన వచ్చునది ఆ వైపుననే.

పిడింగ్టన్ చరిత్రలో మరొక పాఠము గలదు. కలకత్తాకు ఆగ్నేయమున మాతలా నదిపై క్రొత్త ఓడరేవు కట్టదలచినప్పుడు, ఆ స్థలము తుపాను ఉప్పెనకు గురియగునని ఆయన 1853లో గవర్నరు జనరలునకు లేఖ వ్రాసెను. ఎవరును లెక్కచేయలేదు. కానింగ్ రేవు కట్టబడినది. 1867లో తుపాను వచ్చి దానిని పాడుచేసినది. అప్పటికి పిడింగ్టన్ మరణించి తొమ్మిదేండ్లు గడచినవి. తెలిసికొనుట ఒక ఎత్తు, తెలిసినది వినిపించుట మరొక ఎత్తు అను సంగతి ఆనాడే వెల్లడియైనది.

ఆ నడుమనే 1864వ సంవత్సరము వచ్చినది. ఆ యేడు అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న మచిలీపట్నమును తుపానులు ముంచినవి. మచిలీపట్నపు ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయిరి. టెలిగ్రాఫు తీగలు అప్పటికే దేశమున వేయబడియున్నవి. కాని వాతావరణపు వార్తలను ఒకచోట చేర్చి, అపాయము గల చోటికి పంపు వ్యవస్థ లేదు. ఆ దుఃఖమే ప్రభుత్వమును కదిలించినది. 1865లో కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికల ఏర్పాటు జరిగినది. 1875లో హెన్రీ బ్లాన్‌ఫర్డ్ ఆధ్వర్యవమున భారత వాతావరణ శాఖ వెలసినది. 1886 నాటికి హెచ్చరికల పద్ధతి దేశమునందలి ఓడరేవులన్నింటికి విస్తరించినది. రేవులలో ఎత్తైన స్తంభముపై పగలు శంకువు, డోలు ఆకారముల గుర్తులను, రాత్రి ఎఱ్ఱని, తెల్లని దీపములను ఎత్తు సంప్రదాయము ఇట్లు స్థిరపడినది. కృష్ణపట్నమున ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేసిరని నేడు మనము వినుచున్న వార్తకు మూలము ఇదియే.

ఈ విద్యయందు తెలుగువారికి పాలు లేకపోలేదు. విశాఖపట్టణపు జమీందారు గోడే వెంకట జగ్గారావు చెన్నపట్నపు వేధశాలాధిపతి టేలర్ వద్ద గణిత, జ్యోతిశ్శాస్త్రములు అభ్యసించి, స్వస్థలమునకు మరలి, 1840లో తన సొంత ద్రవ్యముతో ఒక వేధశాలను నెలకొల్పెను. ఆయన 1856లో గతించెను. పిమ్మట ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు సర్కారు ఉద్యోగమును వదలుకొని ఆ వేధశాల బాధ్యతను స్వీకరించెను. నక్షత్రములతోపాటు వాన, గాలి, వాయుభారముల లెక్కలను కూడ అచట పాటించిరి. 1876 అక్టోబరులో విశాఖపట్టణమును తుపాను కొట్టినది. మరుసటి సంవత్సరము దానిని గూర్చియు, అదే నెలలో బంగాళమున బాకర్‌గంజిని ముంచిన తుపానును గూర్చియు జాన్ ఎలియట్ వ్రాసిన నివేదిక ఈ శాస్త్రమున ఒక మైలురాయి. జగ్గారావు, నరసింగరావు జీతము కొఱకు ఆకాశమును చూచినవారు కారు. నేటి మన వాతావరణ ప్రియులకు వారు పూర్వీకులు.

నెల్లూరు సీమ ఈ శాస్త్రమునకు చేసిన కానుక ఇంకను గొప్పది. 1915లో నెల్లూరున జన్మించిన పంచేటి కోటేశ్వరం భారత వాతావరణ శాఖలో చేరి, క్రమముగా ఆ శాఖకు సర్వాధికారియైనారు. ఋతుపవన కాలమున మన తలలపై సుమారు 14, 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుండి పడమరకు మహావేగముతో ప్రవహించు గాలినదిని ఆయన గుర్తించి, 1958లో ప్రకటించిన వ్యాసమున వివరించిరి. దీనిని ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహమందురు.

ఈ ఆవిష్కరణకును వైశాఖపు తుపానునకును సంబంధమేమి? తుపాను పుట్టుటకు సముద్రపు నీరు సుమారు 26.5 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడిగా ఉండవలెను. గాలిలో తేమ ఉండవలెను. వీనితోపాటు క్రింది గాలికిని పై గాలికిని వేగములో, దిక్కులో పెద్ద తేడా ఉండరాదు. జూన్ నుండి సెప్టెంబరు వరకు క్రింద పడమటి గాలి, పైన ఈ తూర్పు జెట్ ప్రవాహము బలముగా ఉండి ఒకదానికొకటి ఎదురుగా వీచును. తుపాను గోపురము వంటిది. అడుగు ఒకవైపునకు, శిఖరము మరొకవైపునకు లాగబడిన గోపురము నిలువదు. అందుచే నడి వానకాలమున పెను తుపానులు అరుదు. ఋతుపవనమునకు ముందు మే నెలలోను, అది మరలిన తరువాత అక్టోబరు మొదలుకొనియు ఈ అడ్డు తొలగియుండును. మన సముద్రమునకు రెండు తుపాను కాలములు ఏల కలిగినవను ప్రశ్నకు సమాధానములో ముఖ్యభాగము ఒక నెల్లూరు బిడ్డ పరిశోధనలో ఉన్నది.

ఇక హెచ్చరిక గుడిసె వరకు చేరిన కథ. 1977 నవంబరు 19న దివిసీమలో వచ్చిన ఉప్పెన పదివేల మందిని పొట్టనబెట్టుకొన్నది. ఆ గాయము మానకమునుపే, పదునెనిమిది నెలలకు, 1979 మే తుపాను వచ్చినది. ఈ నడుమ పాలకులును ప్రజలును హెచ్చరికను నిర్లక్ష్యము చేయరాదని నేర్చుకొనిరి. తీరమున తుపాను రక్షణ కట్టడములు లేచినవి. తుపాను సమయములలో రేడియో ప్రతి గంటకు వార్తను అందించుచు వచ్చినది. విద్యుత్తు పోయి, తీగలు తెగి, దారులు మునిగిన వేళ చిన్న బ్యాటరీ రేడియోయే పల్లెకు ప్రభుత్వము, పత్రిక, పొరుగువాడు అన్నియు అయినది. 1979లో చనిపోయిన ఏడు వందల ప్రాణములు తక్కువవి కావు. అయినను దివిసీమ లెక్కతో పోల్చినచో, విన్న మాటకు ఎంత విలువయో ఊహింపవచ్చును.

యంత్ర సాధనములును ఆ కాలముననే పెరిగినవి. 1970లో విశాఖపట్టణమున తుపానులను కనిపెట్టు రాడారును నెలకొల్పిరి. ఇన్సాట్ ఉపగ్రహములు వచ్చిన పిమ్మట సముద్రమధ్యమున మేఘము చుట్టుకొనుటను గంట గంటకు చూడ గలిగిరి. ఇందు నెల్లూరు తీరమునకు ఒక విచిత్రమైన గౌరవము దక్కినది. 1984లో తుపాను కొట్టిన ఆ శ్రీహరికోట దీవి నుండియే 2002 సెప్టెంబరు 12న మన దేశపు తొలి ప్రత్యేక వాతావరణ ఉపగ్రహము నింగికెగసినది. పిదప దానికి కల్పన అని పేరు పెట్టిరి. 2016లో ఇన్సాట్ 3డిఆర్, 2024 ఫిబ్రవరిలో ఇన్సాట్ 3డిఎస్ కూడ అచటనుండియే ప్రయోగింపబడినవి. తుపానునకు లక్ష్యమైన నేల తుపానును కనిపెట్టు కంటికి పుట్టినిల్లయినది.

ఈ సాధనముల వలన నేడు ఒక క్రొత్త వర్గము ఏర్పడినది. వారు శాఖోద్యోగులు కారు. విద్యార్థులు, ఉపాధ్యాయులు, కంప్యూటరు పనివారు, రైతుబిడ్డలు. మేడపై వర్షమాపకము పెట్టుకొని వానను కొలుతురు. ఉపగ్రహ చిత్రములను, రాడారు చిత్రములను, దేశదేశముల గణనయంత్రములు వేయు అంచనాలను ఇంటనుండియే చూతురు. మార్చి నెల ముగియగానే, ఈ యేడు మే నెలలో బంగాళాఖాతమున ఏమి పుట్టగలదు, అది ఏ దారి పట్టగలదు అని తమలో తాము చర్చింతురు. సాయంకాలపు ఉరుములు ఏ మండలమున లేచును, పిడుగు ఎక్కడ పడగలదు, మామిడి కాయ రాలునంతటి ఈదురుగాలి వచ్చునా అని తెలుగులో వివరింతురు. రాక్స్‌బర్గ్ దినచర్యయు, పిడింగ్టన్ సేకరణయు, జగ్గారావు వేడుకయు వీరియందు మరల జీవించుచున్నవి. ఇది సంతోషింపదగిన విషయము. శాస్త్రము నిపుణుని గదిలోనే యుండక అరుగు మీదికి వచ్చుట ఏ సమాజమునకైనను మేలు.

అయినను వసంతకాలపు తుపాను చర్చయందు రెండు మెట్టపల్లములు గలవు. మొదటిది, దాని దారి. మే నెలలో అండమాను ప్రాంతమున పుట్టిన తుపాను తొలుత వాయువ్యముగా మన వైపు నడచి, నడుమ వంపు తిరిగి ఉత్తరమునకో ఈశాన్యమునకో పోవుట కద్దు. 2008 ఏప్రిల్ చివర పుట్టిన నర్గీస్ మొదట భారత తీరమువైపు సాగునట్లు కనబడి, నడిసముద్రమున నెమ్మదించి, తూర్పునకు తిరిగి, మే 2న బర్మాలోని ఐరావతీ ముఖభూమిని ముంచినది. లక్షకు మించి జనులు అచట మడిసిరి. 2022 మే నెలలో అసని ఒడ్డు చేరకయే మరలిపోవునని తొలుత తోచినది. అది బలహీనపడి, మే 11న మచిలీపట్నము ప్రాంతముననే నేలపైకి వచ్చినది. మొదటిది మనవైపు చూచి అటు మరలినది. రెండవది అటు చూచి ఇటు వచ్చినది. పది పదునైదు దినములకు ముందు ఒక గణనయంత్రము గీసిన ఒక్క గీతను చూపి, ఫలానా తేదీన నెల్లూరున తుపాను అనుట ఎంత సాహసమో ఈ రెండే చెప్పును. వాతావరణ శాఖ సైతము రెండు వారముల ముందుచూపును ఇచ్చునప్పుడు అవకాశము ఎంత గలదో చెప్పునే గాని, ఊరి పేరు చెప్పదు.

రెండవది, కాకతాళీయమును కారణముగా భ్రమించుట. 1979 మే తుపానును, 1990 మే తుపానును వైశాఖ పౌర్ణమి దినములలోనే వచ్చినవి. దీనిని చూచి, పౌర్ణమి తుపానును పిలుచునని చెప్పువారుందురు. 2010లో లైలా వచ్చినది పౌర్ణమి నాడును కాదు, అమావాస్య నాడును కాదు. చంద్రుడు తుపానును పుట్టింపడు. కాని పౌర్ణమికి, అమావాస్యకు సముద్రపు పోటు హెచ్చుగా ఉండును. ఆ పోటు వేళ ఉప్పెన వచ్చి కలిసినచో నీటి మట్టము మరింత పెరుగును. కనుక ఆ తిథి పుట్టుకకు కారణము కాదు గాని, నష్టమునకు తోడు. పరిశీలకునకు ఉండవలసిన వివేకము ఇట్టిది. కనబడిన పోలికను వ్రాసికొనవలెను. దాని నుండి ఎంతవరకు చెప్పవచ్చునో అంతవరకే చెప్పవలెను.

ఒక మారు తప్పుడు భయము పుట్టించినచో, మరుసటి మారు నిజమైన హెచ్చరికను జనులు నమ్మరు. పశువులను విప్పి, ముసలివారిని మోసికొని, వంట సామగ్రి కట్టుకొని, మండుటెండలో ఊరు వదలి రక్షణ కట్టడమునకు పోవుట సులభము కాదు. ఉప్పు మళ్ల కూలివానికి ఒక దినపు పని పోవును. ఆ నష్టమునకు అతడు ఒప్పుకొనునది మాటపై నమ్మకము చేత మాత్రమే. ఆ నమ్మకము అరువు సొమ్ము వంటిది. వృథాగా ఖర్చుపెట్టరాదు. అందుచేత చర్చ పదిమందిది కావచ్చును, పరిశీలన నూరుమందిది కావచ్చును, కాని ఊరు కదలుమను మాట ఒక్క నోటనే రావలెను. దేశమున ఆ బాధ్యత వాతావరణ శాఖది. తుపాను తీరము చేరుటకు కనీసము 48 గంటల ముందు అప్రమత్తతా సూచన, 24 గంటల ముందు హెచ్చరిక ఇచ్చుట దాని నియమము. ఔత్సాహికుడు ఆ మాటను తన పల్లె భాషలోనికి మార్చి, పొరుగువానికి అర్థమగునట్లు చెప్పినచో అంతకు మించిన సేవ లేదు.

అట్లని స్థానికుని చూపునకు విలువ లేదని కాదు. రేవు హెచ్చరికలలో మొత్తము పదునొకండు సంకేతములు గలవు. ఒకటి, రెండు దూరమున గాలివాన గలదని తెలుపును. ఎనిమిది, తొమ్మిది, పది మహాప్రమాదమును తెలుపును. పదికి మించిన అపాయము ఏమి ఉండునని మనకు తోచును. పదునొకండవ సంకేతము గాలి వేగమును చెప్పదు. హెచ్చరికలు పంపు కేంద్రముతో వార్తాసంబంధము తెగిపోయినది, అయినను తుపాను ప్రమాదము ఉన్నదని ఇచటి అధికారి తలచుచున్నాడు అని దాని అర్థము. అనుభవముతో ఈ పట్టికను కూర్చినవారు దాని చివరి వరుసను ఒక ఒంటరి మనిషి వివేకమునకు విడిచిపెట్టిరి.

ఉపగ్రహములు, రాడారులు ఎన్ని యున్నను, స్తంభములు కూలి, ఫోనులు మూగవోయిన గడియ ఒకటి రాకపోదు. ఆ గడియలో కృష్ణపట్నమునందో, ఇసుకపల్లియందో ఒకడు బయట నిలిచి, గాలికి వీపు చూపి, ఎడమచేతి వైపున ఏమున్నదో తెలిసికొనగలిగినచో, గాలి ఈశాన్యమునకు తిరుగుచున్నదని గుర్తించి పదిమందిని మెరకకు చేర్చగలిగినచో, రాక్స్‌బర్గ్ నాటినుండి నేటివరకు పోగైన ఈ విద్య సార్థకమగును. ఆ ఒకడు ప్రతి పల్లెలోను ఉండవలెను. స్వాతి, విశాఖ కార్తెలలోనే గాక, ఎండలు మండు కృత్తిక కార్తెలోను అతడు తూర్పు దిక్కును చూచుచుండవలెను.